వఫాదారీకి సబూత్ ఎవరికి చూపించాలి?

మొన్న జుమా నమాజ్ అయ్యాక మా చీపురుపల్లిలో ఓ దోస్త్ ఫోన్ తీసి ఫోటో చూపించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సులో, గుర్రాలెక్కిన దక్కన్ హార్స్ సవార్లు. "చూడు భాయ్, మన వఫాదారీకి ఇంతకంటే సబూత్ ఏం కావాలి?" అన్నాడు ఫఖర్‌గా. నాకు మాత్రం దిల్ బరువెక్కింది.

ఆ ఫోటో సోమ్ యుద్ధం నాటిది. 1916 జులై 1న మొదలైన ఆ కందకాల పోరులో తొలిరోజే 19 వేలకు పైగా బ్రిటిష్ సిపాయిలు చనిపోయారు. హుకుం జనరల్ డగ్లస్ హేగ్‌ది. ఆయన మన ఇలాకాకు కొత్తవాడేం కాదు. 1886లో కుర్ర అఫ్సర్‌గా హిందుస్థాన్ వచ్చి సికింద్రాబాద్ ఛావనీలో ఉన్నవాడు. గుర్రపు దళం మనిషి. ఫిరంగులు శత్రువు కందకాలను బద్దలుకొడితే ఆ సందులోంచి గుర్రాలు దూసుకుపోతాయన్న యకీన్, మెషిన్‌గన్‌లు వచ్చాక కూడా వదల్లేదు.

జులై 14 సాయంత్రం ఆ సందు దొరికిందనుకున్నారు. సికింద్రాబాద్ పేరే పెట్టుకున్న బ్రిగేడ్ నుంచి దక్కన్ హార్స్, దాంతోపాటు ఓ బ్రిటిష్ దళం హైవుడ్ అనే అడవి పక్క పంటచేలలోకి దూకాయి. దక్కనీ ముసల్మాన్లు, సిక్కులు, జాట్లు కలిసి బల్లేలతో జర్మన్ల మీద పడ్డారు. తెల్లారేసరికి వాళ్లను వెనక్కి పిలిచేశారు. ఆ అడవి చేజిక్కడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

తర్వాతేమైంది? 1919లో హేగ్‌కు ఎర్ల్ ఖితాబు, లక్ష పౌండ్ల ఇనామ్. ఆ పైన లండన్‌లో గుర్రం మీద విగ్రహం. అదే 1919లో మన దేశానికి రౌలట్ చట్టం, జలియన్‌వాలా బాగ్. వఫాదారీకి అంగ్రేజులిచ్చిన సిలా అది.

ఆ సవార్లు బహదూర్లే, అందులో షక్ లేదు. కానీ వాళ్లు తిన్న నమక్ అంగ్రేజు సర్కారుది. వాళ్ల మౌత్‌ని ఇవాళ మన దేశభక్తికి సర్టిఫికెట్‌గా చూపించడం వాళ్లకూ ఇన్సాఫ్ కాదు, మనకూ కాదు. ఈ మట్టిలో పుట్టాం, ఈ మట్టిలోనే దఫన్ అవుతాం. ఈ హక్కుకు సబూత్ అక్కర్లేదు. అడిగేవాడికి ఎన్ని ఫోటోలు చూపించినా చాలవు.

ఆ ఫోటో మీ పిల్లలకు తప్పకుండా చూపించండి. కానీ కిస్సా పూరాగా చెప్పండి: హుకుం ఎవరిది, జాన్ ఎవరిది, ఇనామ్ ఎవరికి దక్కింది. ఫ్రాన్సులోనే న్యూవ్ షాపెల్ స్మారకం మీద 4,700కు పైగా హిందుస్థానీల పేర్లు చెక్కి ఉన్నాయి. ఖబర్ కూడా దక్కనివాళ్లు. మన ఫార్వర్డ్‌లతో వాళ్లకేం పని? ఒక దుఆ చేస్తే చాలు.