చెఱువుగట్టున పాఠము

మన బాలురు ఒంటెను గూర్చి చక్కగా చెప్పఁగలరు. ఎడారి యిసుకలో దిగఁబడకుండ దాని పాదము లెట్లున్నవో, ధ్రువప్రాంతపు ఎలుఁగుబంటికి చర్మము క్రింద అంత క్రొవ్వేల కలదో తడుముకొనక వల్లింతురు. ఆ రెంటిని వారెన్నఁడును చూచియుండలేదు. బడి ప్రక్క చెఱువులోని గుర్రపుడెక్క యేల మునుఁగదని యడుగుఁడు, మౌనమే ప్రత్యుత్తరము. ఇది పిల్లల తప్పిదము కాదు. పరీక్షలో ఒంటె వచ్చును, గుర్రపుడెక్క రాదు!

ప్రాణుల అనుకూలనములను బోధించుటకు కొనవలసిన ఉపకరణము లేవియు లేవు. గుర్రపుడెక్క కాడను కోసి నీట ముంచి నొక్కినచో బుడగలు లేచును. దూదివంటి ఆ కాడలో గాలి నిండియున్నదని పిల్లవాఁడు తన వ్రేళ్లతోనే తెలిసికొనును. కడిగిన తామరకాడ యొక కొనను నీటిలో నుంచి రెండవ కొనను ఊఁదుమనుఁడు. బుడగలు చూచి నవ్వని బాలుఁడుండునా? బురదలోని దుంపకు గాలి యా నాళములగుండనే చేరునని యప్పుడు చెప్పినచో చాలును. బ్రహ్మజెముడు ముక్కను, వేపరెమ్మను ఒకే యెండలో నుంచుఁడు. సాయంకాలమునకు వేపరెమ్మ వాడును, జెముడు వాడదు. ఆకులే ముండ్లయిన మొక్కలో నీరేల నిలిచినదో పిల్లలే యూహింతురు. ముల్లు గ్రుచ్చుకొనినవాఁడు మఱి మఱవఁడు.

కాకినాడవారి భాగ్యము వేఱు. 1978లో అభయారణ్యముగా ప్రకటింపఁబడిన కోరింగ మడ అడవిలో, ఉప్పుబురదయందు గాలి చాలని వేళ్లు మేకులవలె పైకి పొడుచుకొని వచ్చును. నల్లమడ యాకును నాలుకకు తాఁకించినచో ఉప్పు తెలియును.

జగదీశచంద్ర బోసును (1858–1937) తండ్రి దేశభాషా పాఠశాలకే పంపెను. అచ్చట ఒక బెస్తవాని కుమారుని ప్రక్కన కూర్చుండి పక్షుల, జలచరముల కథలు వింటిననియు, ప్రకృతి పరిశీలనమందు తన కాసక్తి బహుశః వానివలననే కలిగెననియు ఆయన 1915లో చెప్పుకొనిరి. నేఁడు మన బడులలో ఆ బెస్తబాలుఁడు వెనుక బెంచీమీఁద కూర్చుండును. అతఁడెఱిఁగిన దానికి మార్కులు లేవు.

నీటిగండమని తలిదండ్రులు భయపడుదురు. అది త్రోసివేయఁదగినది కాదు. చిన్నపిల్లలకు బడిలోని నీళ్లతొట్టి చాలును. పాఠ్యభాగము ముగియదను ఉపాధ్యాయుల మాటకు మాత్రము మేము సమ్మతింపము. అనుభవపూర్వకమైన బోధన వలయునని 2020 నాటి జాతీయ విద్యావిధానమే చెప్పియున్నది. ప్రాజెక్టుల పేర మార్కులును కలవు. కాని యవి అంగడిలో కొన్న బొమ్మలపటములకు పోవుచున్నవి. అంటించిన బొమ్మకు సున్న వేసి, వంకరటింకర గీతలతోనైనను బాలుఁడు తాను చూచినది తేదీతో వ్రాసికొనిన పుస్తకమునకే యా మార్కు లిమ్మని ప్రధానోపాధ్యాయులను కోరుచున్నాము. ఇందులకు ప్రభుత్వపుటుత్తరువు అక్కఱలేదు.