మొబైలు ఫోను సేవల నాణ్యతా నియంత్రణ

మొబైలు ఫోను సేవల నాణ్యతా నియంత్రణ అనగా, చందాదారులకు అందే సేవ నిర్ణీత ప్రమాణాలకు తగ్గకుండా చూచుట, తగ్గినప్పుడు సేవాసంస్థలపై చర్య తీసుకొనుట. భారతదేశములో ఈ బాధ్యత 1997 నాటి చట్టము ద్వారా ఏర్పడిన భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్)ది. ఈ విషయములో ప్రమాణము ఎంత అన్నది ఒక ప్రశ్న. దానిని ఏ పరిధిలో కొలుస్తారు అన్నది మరొక ప్రశ్న. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలకు ఈ రెండవ ప్రశ్నే ముఖ్యమైనది.

సర్కిలు పరిధి

టెలికాం లైసెన్సుల కొరకు దేశాన్ని 22 సర్కిళ్ళుగా విభజించారు. 2014లో రాష్ట్రము విడిపోయినా ఈ లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి ఒకే సర్కిలుగా కొనసాగాయి. 65వ జాతీయ రహదారిపై కోదాడ నుండి జగ్గయ్యపేట వెళ్ళే ప్రయాణికుడు రాష్ట్రపు ఎల్ల దాటుతాడు గాని సర్కిలు దాటడు. ఆ విధంగా హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల టవర్లు, ఈ మూడు పట్టణాల టవర్లు ఒకే లెక్కలోనికి వస్తాయి.

సగటులోని లోపము

2009 నిబంధనల ప్రకారము మాట్లాడుతుండగా తెగిపోయే కాల్స్ (కాల్ డ్రాప్) 2 శాతము మించరాదు. ఇది సర్కిలు మొత్తానికి తీసిన సగటు. ఉదాహరణకు, సమానముగా కాల్స్ జరిగే 100 టవర్లలో 95 చోట్ల 1 శాతము, 5 చోట్ల 15 శాతము కాల్స్ తెగిపోయాయనుకొందాము. సగటు 1.7 శాతమే. సంస్థ ప్రమాణాన్ని పాటించినట్లే లెక్క. కాని ఆ 5 టవర్ల క్రింద నివసించేవారికి దాదాపు ప్రతి ఏడు కాల్స్‌లో ఒకటి తెగిపోతుంది.

ఈ లోపాన్ని సరిదిద్దుటకు 2017లో ట్రాయ్ కొలత పద్ధతిని మార్చినది. కనీసము 90 శాతము సెల్స్, కనీసము 90 శాతము రోజులలో, 2 శాతము పరిమితికి లోబడి ఉండాలని నిర్దేశించినది. ఇది మెరుగైన పద్ధతే. అయినను మిగిలిన 10 శాతము సెల్స్ ఎక్కడ ఉన్నాయన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

నష్టపరిహారము

తెగిపోయిన ప్రతి కాల్‌కు 1 రూపాయి చొప్పున, రోజుకు 3 కాల్స్ వరకు చందాదారునికి చెల్లించాలని 2015 అక్టోబరులో ట్రాయ్ ఆదేశించినది. సుప్రీంకోర్టు 2016 మే 11న దానిని కొట్టివేసినది. 2 శాతము వరకు అనుమతిస్తూనే ప్రతి కాల్‌కు పరిహారము కోరుట, తప్పు సంస్థదా వినియోగదారునిదా అని చూడకపోవుట అసమంజసమని భావించినది. ప్రమాణాలు తప్పిన సంస్థలపై విధించే ఆర్థిక దండన చందాదారునికి చేరదు.

2024 నిబంధనలు

2024 అక్టోబరు 1 నుండి కొత్త నిబంధనలు అమలులోనికి వచ్చినవి. వీటి ప్రకారము దండన గరిష్ఠముగా 10 లక్షల రూపాయలు. సంస్థలు తమ సేవలున్న ప్రాంతాల పటాలను వెబ్‌సైటులో ఉంచవలెను. జిల్లా స్థాయిలో 24 గంటలు మించి సేవలు నిలిచిపోతే పోస్ట్‌పెయిడ్ వారికి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు ఇవ్వవలెను.

సర్కిలు నుండి జిల్లాకు దిగివచ్చుట హర్షణీయము. అయితే 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులో చేరినది, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉండిపోయినది. బియ్యపు మిల్లులకు పేరొందిన మిర్యాలగూడలో మాత్రమే సేవ నిలిచి, నల్గొండలో బాగుంటే, జిల్లాను కొలమానముగా పెట్టుకొన్న నిబంధనలో ఆ నష్టము ఇమడడము కష్టము. బ్యాంకు ఓటీపీ, 108 అంబులెన్సు పిలుపు సైతము ఫోనుపైనే ఆధారపడిన కాలములో ఇది చిన్న లోపము కాదు. మండల స్థాయి వరకు కొలిచి, ఫలితాలను ప్రజలకు అర్థమయ్యేలా వెల్లడించినప్పుడే నియంత్రణ సార్థకమవుతుంది.

వినియోగదారుని మార్గాలు

ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను పరిష్కరించదు. 2012 నిబంధనల ప్రకారము మొదట సంస్థ ఫిర్యాదు కేంద్రములో నమోదు చేసి, ఆ ఫిర్యాదు సంఖ్యను భద్రపరచుకొనవలెను. పరిష్కారము తృప్తికరముగా లేనిచో ఆ సంస్థ అప్పీలు అధికారిని ఆశ్రయించవచ్చును. వినియోగదారుల కమిషన్లకు కూడా టెలికాం వివాదాలను విచారించే అధికారమున్నదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 16న స్పష్టము చేసినది.