పై మెట్టుకై పరుగు

పూర్వము పేకాటలో ఓడినవానిని ఓదార్చువారు లేరు. ఇప్పుడు ఆ పనికిని ఒక ఏర్పాటు జరిగినది. అంతర్జాలములో పోకర్ ఆడించు సంస్థలు, గెలిచినను ఓడినను ఆటగాని పేర పాయింట్లు జమకట్టును. పాయింట్లు పెరిగినకొలది అతనిని మెట్టు వెంట మెట్టు ఎక్కించును. పై మెట్టు చేరినవానికి తాము పుచ్చుకొన్న కమీషనులో కొంత భాగము తిరిగి ఇచ్చును. ఆ పై మెట్టుకై పాటుపడుట లాభమా అని చదువుకొన్న కుర్రవాడు అడిగినచో, జూదము పాపమని చెప్పి ఊరకుండుట ఉపాధ్యాయునకు చాలదు. లెక్క అడిగినవానికి లెక్కయే చెప్పవలెను.

చట్టము సంగతి క్లుప్తముగా ముగించవచ్చును. రమ్మీ ప్రధానముగా నైపుణ్యముతో కూడిన ఆట యని సుప్రీంకోర్టు 1967 నవంబరులో, సికిందరాబాదు క్లబ్బు ఒకదాని వ్యాజ్యమున, తీర్పు చెప్పినది. తెలంగాణ ప్రభుత్వము 2017లో తన గేమింగ్ చట్టమును సవరించి అంతర్జాలమున పందెము కాచి ఆడు ఆటలను నిషేధించినది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన కేంద్రచట్టము నైపుణ్యము, అదృష్టము అను భేదమును పాటింపక, డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను ఆడించుటయే నేరమని విధించినది. కనుక గద్వాలలోగాని, వనపర్తిలోగాని, నాగర్‌కర్నూలులోగాని ఈ మెట్లెక్కుటకు న్యాయమైన దారి లేదు. అయినను విదేశములనుండి ఫోనునకు వచ్చు పిలుపులను చట్టమొక్కటే ఆపజాలదు. ఆశ యున్నంతవరకు ప్రశ్నయు నుండును.

పోకరులో ఆడించువాడు ఆడడు. బల్లమీద కూడిన సొమ్ములో కొంత తీసికొని తక్కినది గెలిచినవానికి విడుచును. నూరు రూపాయలలో అయిదు రూపాయలు తీసికొనుననుకొన్నచో, పై మెట్టువానికి అందులో సగము మరలివచ్చినను రెండున్నర రూపాయలు పోయినవే. పాయింట్లు వచ్చునది చెల్లించిన కమీషనుకే గాని నేర్పునకు కాదు. నలుడు ఋతుపర్ణుని వద్ద అక్షహృదయము గ్రహించి పోయిన రాజ్యమును తిరిగి గెలిచెనని భారతకథ చెప్పుచున్నది. ఈ మెట్ల పద్ధతికి అక్షహృదయము తెలిసినవాడును తెలియనివాడును ఒక్కటే. ఎవడు ఎక్కువసేపు కూర్చుండునో వాడే పెద్ద.

నిలకడగా గెలుచు ఆటగాండ్రు లేకపోలేదు. తన అలవాటు చొప్పున ఆడుచునే పై మెట్టు చేరువానికి తిరిగి వచ్చు సొమ్ము లాభమే. అట్టివాడు మెట్టును వెంటాడనక్కరలేదు. వెంటాడవలసి వచ్చినవాడే ఆలోచింపవలెను. అతడు ఆడు అదనపు ఆటలు ఎట్టివి? నిద్ర చెడగొట్టుకొని ఆడినవి, ఒకేసారి పది బల్లలు తెరచి సగము మనస్సుతో ఆడినవి, లేవవలసిన వేళ లేవక ఆడినవి. చక్కగా ఆడిన మొదటి రెండు గంటల లాభమును ఆ తరువాతి ఆరు గంటలు తినివేయును. బహుమానమును తూచవలసినది ఆ అదనపు గంటల నష్టముతోనే. సంవత్సరపు మొత్తముతో కాదు.

పోకర్‌స్టార్స్ అను సంస్థ ‘సూపర్‌నోవా ఎలీట్’ అను పై మెట్టుకు సంవత్సరమునకు పది లక్షల పాయింట్లు నిర్ణయించెను. దినమునకు సుమారు 2,740. పండుగ లేదు, జ్వరము లేదు. నవంబరునాటికి తొమ్మిది లక్షలు కూర్చినవాడు ఎంత ఓడుచున్నను లేవలేడు. గద్వాల నేతగాడు నూలుచీరకు పట్టుటంచు కలుపుచు నడుమ లేచిపోయినను, నేసినంత మేర మగ్గముమీద నిలిచియుండును. ఇచ్చట జనవరి 1న లెక్క మరల సున్నతో మొదలగును.

ఇంతకంటె విచారింపదగిన విషయము మరియొకటి కలదు. పది లక్షలు కూర్చినవానికి మరుసటి సంవత్సరమునకు కూడ ఆ హోదా, ఆ సౌకర్యములు ఉండునని ఆటగాండ్రు నమ్మి ఆడిరి. 2015 నవంబరులో, వారి పాటు ఇంచుమించు ముగియు సమయమున, 2016కు ఆ సౌకర్యములను తగ్గించుచున్నట్లు సంస్థ ప్రకటించెను. డిసెంబరు 1 మొదలు 3 వరకు ఆటగాండ్రు కొందరు ఆట మానివేసి నిరసన తెలిపిరి. కొలది కాలమునకు ఆ మెట్టే లేకపోయినది.

2016 అక్టోబరులో జిల్లాలు విడిపోవువరకు ఈ మూడు పట్టణములును పాలమూరు జిల్లాలోనివే. అచ్చటి పెద్దలకు ఇట్టి ఒప్పందము తెలియనిది కాదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పుచ్చుకొని ఆనకట్టల మట్టిపనికి పోయిన కూలీలకు ఏరోజునకారోజు తిండికి బత్తెము మాత్రమే చేతికి వచ్చెడిది. అసలు లెక్క పని ముగిసిన పిమ్మట. ఆ లెక్కలో ఏమేమి కోతలు పడునో చెప్పు అధికారము కూలివానికి లేదు. కరవుచే పోయినవానిని దురాశచే పోయినవానితో పోల్చుట న్యాయము కాదు. పోలిక లెక్క తీరునకు మాత్రమే. అందును ఒక భేదమున్నది. కూలివానికి మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చెను. ఇచ్చట ఆటగాడే ఆడించువానికి ముందుగా చెల్లించుచున్నాడు.

ప్రశ్న అడిగిన కుర్రవానిచేత ఒక కాగితముమీద మూడు అంకెలు వ్రాయింపవచ్చును: మెట్టు లేనిచో ఎన్ని గంటలు ఆడెడివాడు, మెట్టు కొరకు ఎన్ని గంటలు ఆడవలసివచ్చును, ఆ ఎక్కువ గంటలలో చేతినుండి పోవునది ఎంత. నాలుగవ అంకె, తిరిగి వచ్చునన్న సొమ్ము, పెన్సిలుతో వ్రాసికొనుట మంచిది.