దారి తప్పిన పార్సిలు

ఒకే పేరుగల ఊళ్లు అనేకం. చిరునామాలు వ్రాసే భాషలూ అనేకం. ఈ చిక్కు విప్పడానికే తపాలాశాఖ 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడును ప్రవేశపెట్టింది. మొదటి అంకె 5 అయితే అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల మండలం. చివరి మూడంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయానివి. అక్కడితో అంకెల పని సరి! వీధినీ, ఇంటినీ పోల్చుకోవలసింది మనిషే. అతడు పొరబడిననాడు ఎవరి గుండెజబ్బు మందులో మరెవరి గుమ్మంలోనో దిగుతాయి.

విప్పి చూడాలనే కుతూహలం సహజమే గాని, ధర్మం కాదు. ఎదురింటివారిదైతే నాలుగడుగులు వేసి అందించి రావచ్చు. ఎవరిదో తెలియనప్పుడు ‘ఈ పేరుగలవారు ఇక్కడ లేరు’ అని పైన వ్రాసి, పోస్టుమాన్‌కు తిరిగి ఇవ్వాలి. పరాయిదని తెలిసీ దురుద్దేశంతో సొంతం చేసుకున్నవారికి మాత్రం, 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను ఆరు నెలలకు తగ్గకుండా, రెండేళ్లకు మించకుండా ఖైదును, దానితోపాటు జరిమానాను విధిస్తున్నది.