కుట్టు నేర్పే అక్క టీచరు కాదా?

ఆదివారం ఆరాధన ముగిసి బెంచీలు సర్దేశాక, సండే స్కూలు గదిలో కుట్టు మిషన్ల మీద కప్పిన దుప్పటి తీస్తారు. సోలాపూర్ కావచ్చు, బరంపురం, హొసూరు, యానాం కావచ్చు, ఈ దృశ్యం మనలో చాలామందికి తెలిసిందే. నేర్పే ఆమెను అందరూ "అక్కా" అంటారు, "టీచరుగారూ" అని ఎవరూ అనరు. ఆ పిలుపులో ప్రేమ ఉంది. జీతం ఊసు రానివ్వని సౌకర్యం కూడా అందులోనే ఉంది.

ఆమె చేసే పనిని ఒకసారి దగ్గరగా చూద్దాం. జాకెట్టు కటింగులో ఛాతీ కొలత 36 అంగుళాలైతే గుడ్డను నాలుగు మడతలు వేసి 9 దగ్గర గుర్తు పెట్టాలి. వదులుకూ కుట్టుకూ పైన కొంత కలపాలి. చదువుకున్నవాళ్లకు ఇది చిన్న లెక్క. మూడో తరగతిలో బడి మానేసి, టేపు మీద అంకెలు గుర్తుపట్టలేక, ఆ సంగతి పక్కవాళ్లకు తెలియకూడదని వెనక వరుసలో కూర్చునే నలభై ఏళ్ల మనిషికి అది కొండంత. అక్క ఆమెకు భాగహారం చెప్పదు. పాత న్యూస్‌పేపరు చేతికిచ్చి మడవమంటుంది. ఆ మడతే భాగహారమని కొన్ని వారాల తర్వాత ఆమెకే తెలుస్తుంది. ముంబైలోనో సోలాపూర్‌లోనో అయితే ఇంకో బరువు. ఫారాలు మరాఠీలోనో హిందీలోనో ఉంటాయి, నేర్చుకునేవాళ్ల మాట తెలుగు. మధ్యలో వంతెన ఆమే. మూడు రోజులు రాని మనిషి ఇంటికి వెళ్లి, భర్తకో అత్తకో నచ్చజెప్పి వెంటబెట్టుకొచ్చేదీ ఆమే. ఆ గంటలను ఎవరు లెక్కేశారు?

ఈ చదువు విలువ ప్రభుత్వానికి తెలియక కాదు. 1967లోనే ముంబైలోని వర్లీలో తొలి శ్రామిక విద్యాపీఠం పెట్టారు. వర్లీ మిల్లుల పేట, మన నేత కుటుంబాలు ఎన్నో బతుకు వెతుక్కుంటూ చేరిన చోటు. పనిచేసే మనిషికి పనితోపాటే చదువూ అందాలన్నది అప్పటి ఆలోచన. 2000లో ఈ విద్యాపీఠాలు జన్ శిక్షణ్ సంస్థాన్‌లయ్యాయి. 2018లో మానవ వనరుల శాఖ నుంచి నైపుణ్యాభివృద్ధి శాఖ చేతికి వెళ్లాయి. అక్కడ నేర్పేవాళ్లను 'రిసోర్స్ పర్సన్' అంటారు. వాళ్లకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. అక్షరాస్యత వైపు పరిస్థితి ఇంకా దిగజారింది. సాక్షర భారత్‌లో ప్రేరక్‌కు నెలకు 2,000 రూపాయలైనా ఉండేవి. ఆ పథకం 2018 మార్చితో ఆగిపోయింది. 2022లో మొదలై, ఇప్పుడు 'ఉల్లాస్' అని పిలుస్తున్న కార్యక్రమం పూర్తిగా స్వచ్ఛంద సేవ మీదే నడుస్తోంది. గౌరవ వేతనంలో వేతనం పోయి గౌరవం ఒక్కటే మిగిలిందన్నమాట.

ప్రభుత్వాన్ని అనే ముందు మన ఇల్లు చూసుకోవాలి. నర్సాపురం ప్రాంతంలో పేద స్త్రీలకు లేసు అల్లిక నేర్పింది 19వ శతాబ్దపు మిషనరీలు. మంచి మనసుతోనే నేర్పారు. ఆ లేసు ఓడలెక్కి విదేశాలకు వెళ్లింది, వ్యాపారం పెరిగింది. అల్లినవాళ్లను మాత్రం కార్మికులుగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వచ్చిన తన పుస్తకంలో దీన్నే బయటపెట్టింది. వాళ్లు ఇంటిపట్టున ఉండే గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారు అన్న మాటే కూలిని అంత అడుగున ఉంచింది. ఇక తల్లి కూతురికి, పొరుగింటి ఆమెకు నేర్పిన పాఠానికైతే అసలు ధరే లేదు. ఈ కథ మన సంఘాల గదుల్లో ఇంకా సాగుతూనే ఉంది. క్రిస్మస్‌కు ఒక చీర, వార్షికోత్సవానికి ఒక శాలువా, వేదిక మీద రెండు మంచి మాటలు. సేవ అని పేరు పెట్టినంత మాత్రాన వెట్టి వెట్టి కాకుండా పోదు.

"ఇది దేవుని పని కదా, డబ్బు లెక్కలేమిటి?" అని పెద్దలు అంటారు. అద్దె మైకుసెట్టుకు ఆ మాట ఎవరూ అనరు. నిర్గమకాండం 35వ అధ్యాయం మళ్లీ తెరవండి. బెసలేలుకు, అహోలీయాబుకు దేవుడిచ్చిన వరాల్లో చెక్కడం, నేయడం, బుటా పని చేయడమే కాదు, ఇతరులకు నేర్పడం కూడా ఉంది. చేతిపని నేర్పేవాడు అక్కడ చిన్నవాడు కాదు.

డబ్బు లేని సంఘాలున్నాయి, నిజమే. 2001లో గనులు మూతపడ్డాక కోలారు బంగారు గనుల్లో మనవాళ్ల కానుకల పెట్టె ఎంత తేలికైందో చెప్పక్కర్లేదు. అలాంటి చోట ఇవ్వగలిగింది కొంచెమే కావచ్చు. కానీ ఆ కొంచెం ఎంతో, ఎన్ని గంటలకో ముందే కాగితం మీద రాయండి. కటింగుకు సిద్ధం చేసుకునే గంటలు కూడా అందులో కలపండి. దారం, సూదులు, మిషను రిపేరు ఖర్చు ఆమె చీర కొంగు ముడిలోంచి రాకూడదు. బ్యాచిలో మనుషులు తగ్గారని ఆమె డబ్బు కోయకూడదు.

యువతీయువకులకు ఒక మాట. ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే ఏర్పాటు కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. ఇరవై ఏళ్లుగా నేర్పుతున్న అక్క దగ్గర ఒక్క కాగితం ముక్కైనా ఉందో లేదో అడగండి. లేకపోతే పక్కన కూర్చుని ఫారం నింపిపెట్టండి. మీ అమ్మ మిషను తొక్కడం నేర్చుకుంది ఆమె దగ్గరేనేమో, అదీ అడగండి.

సంఘ పెద్దలూ, కోశాధికారులూ, ఈ నెల పద్దు తీసినప్పుడు కుట్టు క్లాసు ఖర్చు ఏ వరుసలో ఉందో చూడండి. జీతాల కిందా, దానధర్మాల కిందా? అసలు లేనే లేదా? చూసి మాకు రాయండి.