గుంత మీది, ప్రాణం మాదా?

పాత ఇళ్ళ లెట్రిన్ గుంతలు నిండిపోయాయంట. ఊళ్ళో పెద్దిళ్ళ వాళ్ళకు వచ్చిపడిన కష్టం ఇది. ట్యాంకరు బండి సందులోకి రాదంట. వచ్చినా పైపు పెరటిదాకా అందదంట. అందినా అడుగున గడ్డకట్టిన మడ్డిని పీల్చదంట. ఇన్ని 'అంట'ల తర్వాత వాళ్ళ నోటినుంచి వచ్చే మాట ఒక్కటే: "పల్లెలోంచి ఇద్దరు కుర్రాళ్ళను పిలిపించండి."

మేం అడుగుతున్నాం. మీ సందు ఇరుకైతే, మీ పైపు పొట్టిదైతే, మీ మడ్డి గట్టిదైతే, దానికి మాదిగపల్లె కుర్రాడి ఊపిరి ఎందుకు ఆగాలి?

ఆ ఇళ్ళు ఎట్లా కట్టారో ఒకసారి చూడండి. తాతల కాలంలో కొన్ని పెద్ద లోగిళ్ళకు వెనక పాకీ దొడ్డి ఉండేది. దానికి వేరే దారి. తట్ట ఎత్తుకుపోయే తల్లి ముందు వాకిట్లోంచి నడవకూడదు, ఆమె నీడ వంటింటి మీద పడకూడదు. ఆ దొడ్లు పోయి సెప్టిక్ ట్యాంకులు వచ్చాయి. నాగరికత వచ్చిందన్నారు. నెత్తి మీది తట్ట దిగింది, నిజమే. తట్ట మోసినామె మనవడు గుంతలోకి దిగాడు.

గుంతను రెండు మూడేళ్ళకొకసారి తోడాలని లెక్క. వీళ్ళు ఇరవయ్యేళ్ళకి కూడా మూత తియ్యరు. తియ్యటానికి మూత ఉంటే కదా! పైన పలక వేసి సిమెంటు మెత్తేశారు. కొందరైతే దానిమీదే స్నానాలగది కట్టారు. గాలి గొట్టం పెడితే వాసనొస్తుందని అదీ లేదు. బావి తవ్వినప్పుడు గిలక ఎక్కడ పెట్టాలో ఆలోచించారు. ధాన్యం కొట్టు కట్టినప్పుడు బస్తా ఎటునుంచి దించాలో ఆలోచించారు. గుంత కట్టినప్పుడు మాత్రం రేపు దీన్ని ఎవరు, ఎట్లా తోడతారని ఒక్కరూ అడగలేదు. జవాబు అందరికీ తెలుసు కాబట్టే అడగలేదు. మేస్త్రీ కాగితం మీద గీయకపోయినా ఆ ప్లానులో మన బిడ్డ ఉన్నాడు.

మా బళ్ళో పది చదివిన పిల్లాడొకడు ఇట్లాగే ఒక ఇంటికి పోయాడు. దిగేముందు ఇంటాయన క్వార్టరు సీసా చేతికిచ్చాడు, వాసన తెలియకుండా ఉంటుందని. నడుముకు మోకు కట్టుకున్నాడు కాబట్టి బతికాడు. మూడో బకెట్టుకే కింద పడిపోతే పైనున్నవాడు లాగాడు. ఇంటాయన నిమ్మకాయ నీళ్ళిచ్చి అయిదొందలు తగ్గించి డబ్బులిచ్చాడు. పని సగమే అయిందట మరి!

మేం సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. ఆ పిల్లాడికి తరగతిలో మేమే చెప్పాం, హైడ్రోజన్ సల్ఫైడుకు కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఉంటుందని. పరీక్షలో రాశాడు, మార్కు వేశాం. ఆ వాయువు ఎక్కువైతే ముక్కే మొద్దుబారిపోతుందని, వాసన పోయిందంటే ప్రమాదం పోయిందని కాదనీ మేం చెప్పలేదు. అది గాలికన్నా బరువు, అడుగున పట్టుకుని ఉంటుంది. మడ్డిని కదిపితే బుడగల్లా ఒక్కసారి బయటికి తన్నుకొస్తుంది. నాలుగు ఊపిర్లు చాలు. ఒకడు పడిపోతే అన్న దూకుతాడు, అన్న కోసం బావమరిది దూకుతాడు. ఒకే గుంతలో ముగ్గురు నలుగురు పోయిన వార్తలన్నీ ఇట్లా వచ్చినవే. అగ్గిపుల్ల వెలిగించి చూద్దామనేవాళ్ళుంటారు. లోపల మీథేను ఉంటే అది పేలుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. 1993లో ఒకటి, 2013లో ఇంకొకటి. 2013 చట్టం 7వ సెక్షను ప్రకారం ప్రమాదకరంగా సెప్టిక్ ట్యాంకు తోడించే పని ఏ వ్యక్తీ, ఏ సంస్థా పెట్టకూడదు. ఏ వ్యక్తీ అంటే ఇంటి యజమాని కూడా. మొదటి తప్పుకు రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిలు హక్కుగా దొరకని కేసు. అయినా ఆ చట్టంలోనే ఒక కంత ఉంచారు: తొడుగులు, పరికరాలు ఇచ్చి జాగ్రత్తలు తీసుకుంటే అది 'ప్రమాదకరం' కాదట. పార్లమెంటులో మాటలగారడీ కూడా చూడండి. 2021లో ప్రభుత్వం చెప్పింది: పాకీపని వల్ల చావులు నమోదు కాలేదు, మురుగు కాలవలూ సెప్టిక్ ట్యాంకులూ శుభ్రం చేస్తూ మాత్రం 941 మంది చనిపోయారు! మురుగు పనిలో చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. మా పిల్లాడి ఊళ్ళో ఈ మాట సర్పంచికీ తెలియదు, పోలీసులకు తెలిసినా చెప్పరు.

"ఇప్పుడిదంతా వ్యాపారమండీ, కులమెక్కడుంది?" అంటాడు మాతో పనిచేసే పెద్దమనిషి. కరెంటు స్తంభం మీద ఫోను నెంబరుంది, మిషనుంది, ఎవరైనా చెయ్యొచ్చు అంటాడు. మిషను రావాలనే మేమూ అంటున్నాం. కానీ ఆ బండి వెనక పైపు పట్టుకున్నవాడిని ఊరూ పేరూ అడగండి. మనవాడో, రెల్లి సోదరుడో అయి ఉంటాడు. పైగా బండి నిండాక ఎక్కడికి పోతుంది? మన పల్లె పక్క కాలవకు. చీకటి పడ్డాక వాల్వు తిప్పేసి పోతాడు. పెద్దింటి గుంత ఖాళీ, మన నీళ్ళలో పెంట. 1985లో కారంచేడు గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే అన్న సంగతి మనం మర్చిపోలేదు.

మనవాళ్ళతో ఒక మాట. రెండు వేలకు ఆశపడ్డావని ఏ తమ్ముడినీ మేం తిట్టం. ఇంట్లో పొయ్యి వెలగనివాడికి నీతులు చెప్పేంత పెద్దవాళ్ళం కాము. అయినా తమ్ముడూ, దిగొద్దు. మోకు కట్టినా దిగొద్దు. లోపల మనిషి పడిపోతే వెంట దూకొద్దు. మోకుంటే పైనుంచే లాగు, 101కి ఫోను కొట్టు. కబురు తెచ్చింది మన కులం పెద్దే అయినా కుదరదని చెప్పు.

పని ఆగదు. సందు ఇరుకైతే పొడవు పైపు తెప్పించుకోవాలి. మడ్డి గట్టిదైతే నీళ్ళు జోరుగా కొట్టి పలచన చేసి పీల్చాలి. మూత లేకపోతే ఇంటాయన తన ఖర్చుతో పలక పగలగొట్టించుకోవాలి. హైదరాబాదు ఇరుకు సందుల్లో మురుగు లైన్లు తోడటానికి 2017లోనే జలమండలి 70 చిన్న మిషన్లు తెచ్చింది. పట్నానికి దొరికింది మండలానికి ఒక్కటి దొరకదా? వచ్చే గ్రామసభలో ఇది కాగితం మీద రాయించండి. బండి ఎక్కడ పారబొయ్యాలో కూడా రాయించండి. సర్పంచి తీసుకోనంటే కార్యదర్శికిచ్చి రశీదు అడగండి.

మొన్న అదే ఇంటినుంచి మా పిల్లాడికి మళ్ళీ కబురొచ్చింది. పోలేదు. వాళ్ళ పల్లెలో ఇంకెవరూ పోలేదు. నాలుగు రోజులు చూసి ఇంటాయన పలక పగలగొట్టించాడు. ట్యాంకరు సందు మొదట్లో ఆగింది. రెండు పైపులు కలిపి లాగితే పెరటిదాకా అందింది. ఎక్కడ పారబోశారో కనుక్కుంటున్నాం.