పనికీ ఒక హద్దు

‘ఎలా పనిచేస్తే ఎక్కువ పని అవుతుంది?’ అన్నదే ఈ సంచిక విషయం అనగానే, ఏ యాప్ మంచిదని అడిగినవాళ్లే ఎక్కువ. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో చదువుకుంటున్న, సీమెన్స్ లాంటి సంస్థల్లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లకు అంతకన్నా పనికొచ్చేది ఇక్కడి చట్టం. 1994 నాటి జర్మన్ పనివేళల చట్టం ప్రకారం రోజుకు పని 8 గంటలు. 10 దాకా పొడిగించవచ్చు గానీ, 6 నెలల సగటు మళ్లీ ఎనిమిదికి రావాలి. పని ముగిశాక సాధారణంగా 11 గంటలు ఏకబిగిన విశ్రాంతి ఇవ్వాల్సిందే. రాత్రిదాకా ఆఫీసులో ఉన్నవాడే కష్టజీవి అనుకునే మనకు ఇది ఓ పట్టాన మింగుడుపడదు. వేళకి ఇంటికి వెళ్లాలంటే మాత్రం అక్కర్లేని మీటింగులు మానుకోక తప్పదు.

ఇంటి సంగతీ అంతే. ఆదివారం కొట్లు మూసేస్తారు. కూరగాయలు, పాలు శనివారమే తెచ్చుకోవాలి. ఆదివారం చప్పుడు చేస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు కాబట్టి, పొద్దున నానబోసిన మినప్పప్పు శనివారం సాయంత్రానికే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. ఇక సోమవారం ఇడ్లీకి హడావిడి ఉండదు.

హద్దుల సంగతి సరే, లెక్కలోకే రాని పని మాటేమిటి? ఈ ఎర్లాంగెన్‌లోనే 1882లో పుట్టిన గణితవేత్త ఎమ్మీ నోథర్ ఇక్కడి విశ్వవిద్యాలయంలో 1908 నుంచి 1915 దాకా జీతం లేకుండా పనిచేశారు. ఆ అన్యాయం తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. జీతం లేని పనిని పనిగా లెక్కేయని అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. అందుకే ఇంటి చాకిరీ మీద వచ్చిన వ్యాసాలను ఈసారి ముందు పేజీల్లో వేశాం.